చిన్నగాలము చెప్పు చెరువుల చరిత్ర

రాయపూర్ చెరువుల పట్టణము. ఇది పొగడ్త కొరకు చెప్పు మాట కాదు. అచ్చటి పేటల పేర్లే ఇందుకు సాక్ష్యము. బూఢా తలాబ్, కంకాలీ తలాబ్, మహారాజబంధ్, తేలీబాంధా, కటోరా తలాబ్ అనునవి నేటికిని జనుల నోట నిత్యము వినవచ్చు పేర్లు. శంకర్ నగర్ నివాసులకు కటోరా తలాబ్, తేలీబాంధా రెండును పొరుగు పేటలే. కటోరా అనగా గిన్నె. తేలీబాంధా అనగా తెలికలవాని కట్ట. ఊరు పెరిగి చెరువు చిక్కిపోయినను, చెరువు పేరు మాత్రము ఊరిని విడువలేదు.

ఈ చెరువులను గూర్చిన వ్రాతలలో రాజులు కలరు, గుళ్లు కలవు, శిస్తు లెక్కలు కలవు. గట్టుమీద కూర్చుండి సన్నని వెదురు కర్రతో, మూరెడు బారెడు దారముతో చేపకై ఎదురుచూచు మనుష్యుని ప్రస్తావన మాత్రము అరుదు. ఛత్తీస్‌గఢీ భాషలో గాలమును ‘గరీ’ అందురు. గాలము వేయుటను ‘గరీ ఖేలనా’ అందురు. అనగా అది ఆ ప్రజల దృష్టిలో పనియు ఆటయు కూడ. వల వేయువానికి పడవ కావలెను, తోడు కావలెను, చెరువుపై హక్కు కావలెను. గాలము వేయువానికి కావలసినవి రెండే: చెరువులో సహజముగా పెరిగిన చేప, గట్టుమీద కూర్చుండుటకు అడ్డులేని చోటు. అందుచేత చిన్నగాలపు చరిత్ర నిజమునకు చెరువు ఎవరిది అను ప్రశ్నయొక్క చరిత్ర.

గాలము మిక్కిలి ప్రాచీనమైన పనిముట్టు. జపాను దేశపు ఒకినావా ద్వీపములోని సకితారి గుహలో గుల్లను అరగదీసి చేసిన గాలములు దొరకినవి. వాని వయస్సు సుమారు 23,000 సంవత్సరములని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. హరప్పా, మొహెంజొదారోలలో రాగి గాలములు లభించినవి. వానిలో కొన్నిటికి, మింగిన చేప విదిలించుకొని పోకుండ వెనుకకు తిరిగిన ముల్లు కూడ కలదు. మహాభారతమున విదురుడు ధృతరాష్ట్రునకు నీతి చెప్పుచు, రుచియైన ఎరను చూచి లోపలి ఇనుప గాలమును చూడక మ్రింగు చేపను లోభికి ఉపమానముగా చెప్పెను. వినువారికి గాలపు వేట నిత్యపరిచితమైనప్పుడే ఇట్టి ఉపమానము చెల్లును.

చెరువులోని చేప ఎవరిదను ప్రశ్నయు అంత పాతదే. కట్ట కట్టిన జలాశయములలోని చేపలపైనను, నీటిపక్షులపైనను, అందు పెరుగు కూరలపైనను స్వామ్యము రాజుదే యని కౌటిల్యుని అర్థశాస్త్రము శాసించుచున్నది. అశోకుడు పట్టాభిషిక్తుడైన 26 ఏండ్లకు వ్రాయించిన ఐదవ స్తంభశాసనము కొన్ని పర్వదినములలో చేపలను చంపరాదనియు, అమ్మరాదనియు నిషేధించినది. ఆ దినములలో ఏనుగుల అడవులందును, ‘కేవట భోగము’లందును ఏ ప్రాణినీ చంపరాదని అందే కలదు. కేవటులనగా జాలరులు. నేటికిని ఛత్తీస్‌గఢ్‌లో చేపలు పట్టు ప్రధాన కులములలో ఒకటి కేవట్. రెండువేల రెండువందల ఏండ్లకు పైగా ఒక వృత్తినామము దాదాపు మార్పులేక నిలిచియుండుట సామాన్య విషయము కాదు.

గాలపు వేటను శాస్త్రముగా వ్రాసిన మొదటివారిలో దక్షిణాపథపు రాజు ఒకడు కలడు. కల్యాణిని రాజధానిగా చేసికొని 12వ శతాబ్దపు పూర్వార్ధమున పాలించిన పశ్చిమ చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు, సుమారు 1130లో ‘మానసోల్లాసము’ అను సంస్కృత గ్రంథమును రచించెను. దీనికే ‘అభిలషితార్థ చింతామణి’ అని మరియొక పేరు. నూరు అధ్యాయముల ఆ గ్రంథమున వినోదములను వివరించు భాగములో ‘మత్స్యవినోదము’ ఒక అధ్యాయము. చేపలలో పొలుసు గలవి ఏవి, లేనివి ఏవి, పెద్దవి ఏవి, చిన్నవి ఏవి, సముద్రమున నుండునవి ఏవి, నదులలో నుండునవి ఏవి యని సోమేశ్వరుడు ముప్పదికి పైగా జాతులను విభజించెను. ఏ జాతికి ఏ మేత వేసి చోటికి అలవాటు చేయవలెనో, దారము, గాలము, వెదురు కర్ర ఎట్లుండవలెనో చెప్పెను.

ఆ కాలమున తెలంగాణమునందలి అధిక భాగము కల్యాణి చాళుక్యుల ఏలుబడిలో నుండెను. ఓరుగల్లు కాకతీయులు అప్పటికి వారి సామంతులే. కావున ఈ అధ్యాయము తెలుగు దేశమునకు పరాయిది కాదు. భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు సంచాలకుడుగా నుండిన మత్స్యశాస్త్రవేత్త సుందర్ లాల్ హోరా 1951లో ఈ అధ్యాయమును విమర్శించి, ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటించెను. ఇంగ్లండులో గాలపు వేటను గూర్చిన తొలి ముద్రిత గ్రంథము 1496 నాటిది. లోకప్రసిద్ధమైన ఐజాక్ వాల్టన్ గ్రంథము 1653 నాటిది. సోమేశ్వరుని రచన మొదటిదానికంటె మూడున్నర శతాబ్దములు పాతది. అయితే ఒక భేదమును మరువరాదు. సోమేశ్వరుడు వ్రాసినది రాజు వినోదము. రాజునకు మేత వేయుటకు సేవకులు కలరు, చెరువు తనదే. గట్టుమీది సామాన్యుని గాలము ఏ గ్రంథమునకును ఎక్కలేదు. అది తండ్రినుండి కొడుకునకు చేతి అలవాటుగా మాత్రమే వచ్చినది.

ఛత్తీస్‌గఢ్ మైదానమున చెరువులు ఇన్ని యుండుటకు కారణము వానయు, నేలయు. వాన యంతయు దాదాపు జూన్ మొదలు సెప్టెంబరు వరకే కురియును. తక్కిన ఎనిమిది మాసములకు నీరు నిలువయుండవలెనన్న కట్ట కట్టక తప్పదు. కనుక స్నానమునకొకటి, పశువులకొకటి, పొలమునకొకటి యని ఒక్కొక్క గ్రామమునకు పలు చెరువులు ఏర్పడినవి. రామప్ప, పాకాల చెరువులను త్రవ్వించిన కాకతీయుల దేశమునకును, ఈ దేశమునకును ఇందు పోలిక కలదు. రెండును వరి పండు నేలలు, రెండును చెరువు నమ్ముకొన్న నేలలు. రాయపూర్‌కు పడమట ప్రవహించు ఖారూన్ నది చిన్నది. అది శివనాథ్‌లో కలియును. శివనాథ్ మహానదిలో కలియును. ఖారూన్ ఒడ్డున మహాదేవఘాట్‌లో హాటకేశ్వరాలయము కలదు. కలచురి వంశపు బ్రహ్మదేవుని కాలమున 1402లో హాటకేశ్వరాలయము నిర్మింపబడినట్లు శాసనము తెలుపుచున్నది. నగరములోని చెరువులన్నిటిలో పెద్దదైన బూఢా తలాబ్ నేడు వివేకానంద సరోవరము. బాలుడైన నరేంద్రుడు 1877 మొదలు సుమారు రెండేండ్లు తండ్రివెంట ఈ పట్టణమున నివసించినందున ఆ పేరు వచ్చినది.

చెరువు, వాగు, వరిమడి అను మూడును వానకాలమున ఒక్కటియగును. తొలివానకు చెరువు అలుగు పారగా చేపలు నీటికి ఎదురెక్కి వరిమళ్లలోనికి పోయి గ్రుడ్లు పెట్టును. పిల్లలు మళ్లలో పెరిగి, నీరు తీయునప్పుడు తిరిగి చెరువునకు వచ్చును. పరిగె, జెల్ల, మట్టగిడస, కొరమీను, మార్పు, ఇంగిలాయి, బొమ్మిడాయి మున్నగు చేపలు ఇట్లు ఎవరును విత్తకయే పండిన పంట. వీనిలో కొరమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి నీటిపైకి వచ్చి గాలి పీల్చగలవు. కావుననే వేసవిలో అడుగంటిన బురదలో కూడ బ్రదుకును. చిన్నగాలమునకు ఆధారము ఈ చేపలే.

ఈ చేపలను తెలుగువారు క్రొత్తగా నేర్చుకొనవలసిన అవసరము లేకపోయెను. 1931లో పార్వతీపురము నుండి రాయపూర్‌కు రైలుమార్గము పూర్తియైన పిమ్మట విజయనగరము నేరుగా ఈ పట్టణముతో కలిసెను. బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువుకును, వ్యాపారమునకును, అటు తరువాత ప్రభుత్వోద్యోగములకును వచ్చినవారిలో నాగావళీ తీరమునుండి, విజయనగరపు పెద్దచెరువు గట్టునుండి వచ్చినవారు కలరు. అక్కడి జెల్ల ఇక్కడ టేంగనా. అక్కడి మార్పు ఇక్కడ మోంగరీ. పేరు మారినను చేప అదే, చేతిలో గ్రుచ్చుకొను దాని ముల్లును అదే. ఉద్యోగరీత్యా ఊళ్లు మారు కుటుంబములకు క్రొత్త ఊరి భాషకంటె ముందు క్రొత్త ఊరి చెరువు పరిచయమగుట వింత కాదు.

చిన్నగాలపు సామగ్రి స్వల్పము. చివర సన్నమై వంగు వెదురు కర్ర, దారము, జీలుగు బెండు లేక నెమలి ఈక కాడ, జొన్నగింజయంత సీసపు గుండు, చిన్న గాలము, ఎరకు వానపాము లేక గోధుమపిండి ముద్ద. బెండు నీటిమీద నిలువుగా నిలుచునట్లు గుండు బరువును సరిచూచుటలోనే నేర్పంతయు నున్నది. గుండు బరువైనచో బెండు మునుగును. తేలికైనచో చేప ముట్టినను తెలియదు. పరిగె పొడిచినచో బెండు వణకును. జెల్ల పట్టినచో ప్రక్కకు ఈడ్చుకొనిపోవును. మార్పు నెమ్మదిగా లోనికి లాగును. అడుగున మేసి పైకి లేచు చేపయైనచో బెండు నీటిపై అడ్డముగా పడుకొనును. నీటిలోపలి దానిని కంటితో చూడక, బెండు కదలికనుబట్టి గ్రహించు విద్య ఇది. దారము సన్ననిదగుటచే పెద్ద చేపను బలముతో లాగరాదు. కర్ర వంపుతో దానిని అలయించి గట్టుకు తేవలెను. పూర్వము నూలు దారమో పట్టుదారమో వాడెడివారు. నైలాను 1938లో లోకమునకు ప్రకటింపబడిన పిదప, క్రమముగా నీటిలో కనబడని నైలాను తీగ పల్లెపల్లెకును ప్రాకెను. అయినను వెదురు కర్ర మాత్రము చాలమంది చేతిలో వెదురు కర్రగానే నిలిచెను.

ఆంగ్లేయుల కాలమున ఈ దేశపు చేపలను గూర్చిన గ్రంథములు వెలువడినవి. పాట్రిక్ రస్సెల్ విశాఖపట్టణమున సేకరించిన 200 చేపల వర్ణనలను 1803లో ప్రకటించుచు, తెలుగు జాలరులు చెప్పిన పేర్లనే గ్రంథమున వ్రాసెను. ఫ్రాన్సిస్ డే 1875 - 1878 నడుమ భారతదేశపు మత్స్యములపై బృహద్గ్రంథము వెలువరించెను. మద్రాసు సివిలు సర్వీసు అధికారి హెన్రీ సల్లివన్ థామస్ 1873లో నదులలోని గాలపు వేటనుగూర్చి ఒక గ్రంథమును, 1887లో ప్రత్యేకముగా చెరువులలోని గాలపు వేటనుగూర్చి మరియొక గ్రంథమును వ్రాసెను. హిమాలయ నదులలోని మహాశీర్ చేపనే గొప్పగా ఎంచిన దొరల నడుమ, ఊరి చెరువును కూడ గ్రంథమునకు అర్హమైనదిగా ఎంచినవాడతడు. ఆ యుగపు శాసనములలో ముఖ్యమైనది 1897 నాటి భారత మత్స్య చట్టము. ప్రేలుడు పదార్థములతోను, విషముతోను చేపలను చంపుటను అది నేరముగా చేసినది. వలకంటి పరిమాణమును నియమించుటకు ప్రభుత్వములకు అధికారమిచ్చినది.

చెరువు మీది హక్కు విషయమున మాత్రము పెనుమార్పు స్వాతంత్ర్యానంతరము వచ్చినది. అంతకుముందు గ్రామములందలి చెరువులు పెక్కింటికి మాల్గుజార్లు యజమానులు. అయినను స్నానపానములకును, పశువులకును, కొన్నిచోట్ల చేపలకును గ్రామస్థులకు వాడుక హక్కులుండెను. వీనినే ‘నిస్తార్’ అందురు. ఇట్టి ఆచారములను వ్రాసియుంచు గ్రామ పత్రమునకు ‘వాజిబ్-ఉల్-అర్జ్’ అని పేరు. 1950 నాటి చట్టముచే 1951 మార్చి 31న మధ్యప్రదేశమున మాల్గుజారీ రద్దయ్యెను. 1959 నాటి భూమిశిస్తు స్మృతి, గ్రామస్థులు నిస్తార్‌కును సాగుకును వాడుకొను చెరువులను ప్రభుత్వపరము చేసినది. ప్రభుత్వముది గాని స్థానికసంస్థది గాని కాని నేలనీళ్లలో చేపల హక్కును గూర్చిన ఆచారమును వాజిబ్-ఉల్-అర్జ్‌లో నమోదు చేయవలెనని అదే స్మృతి 242వ సెక్షను చెప్పుచున్నది. మాల్గుజారు పోయెను. కాని చేప జనులందరిది కాలేదు. పంచాయితీలు చెరువులను సహకార సంఘములకు గుత్తకిచ్చు పద్ధతి స్థిరపడెను.

ఇంతలో శాస్త్రము చెరువు స్వభావమునే మార్చెను. బొచ్చె, రోహు, ఎర్రమోసు అను పెద్ద చేపలు నిలువ నీటిలో సహజముగా గ్రుడ్లు పెట్టవు. వాని పిల్లలకై వరదనదులలో వెదకవలసి యుండెడిది. 1957 జూలై 10న ఒడిషాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, తన సహచరులతో, పీయూష గ్రంథి రసమును సూదిమందుగా ఇచ్చి ఈ జాతి చేపలచే గ్రుడ్లు పెట్టించెను. ఆ దినమే నేడు జాతీయ మత్స్యరైతుల దినము. దీనివలన ప్రతి చెరువును పొలమువలె విత్తి కోయుట సాధ్యమయ్యెను. దేశమునకు దీనివలన కలిగిన ఆహారలాభము గొప్పది. కేవట్, ఢీమర్ కుటుంబములకు జీవనాధారము కలిగెను.

కాని పొలమునకు కలుపు తీసినట్లే, చేపపిల్లలు విడుచుటకు ముందు చెరువులోని సహజ మత్స్యములను తొలగించుట ఈ సాగులో ఒక అంగమయ్యెను. అందుకు వాడు పదార్థములలో ముఖ్యమైనది ఇప్పచెక్క. ఇప్పనూనె తీసిన తరువాత మిగిలిన ఈ చెక్కలోని సపోనిన్ అను విషము చేపలను చంపును. కొన్ని దినములకు విషము విరిగి అదియే ఎరువగును. సాగుదారునకు ఇది రెండు విధముల మేలు. కాని పరిగె, జెల్ల, మట్టగిడస, కొరమీనులకు మరణము. చిన్నగాలమునకు ఆధారమైన చేపలే సాగులో కలుపుమొక్కలైనవి. మిగిలిన రోహుకై గాలము వేసినచో, అది గుత్తదారుడు డబ్బిచ్చి కొని విడిచిన పిల్ల. అతని దృష్టిలో గాలము వేసినవాడు దొంగ. గట్టుమీదివాని దృష్టిలో తాతలనాటి ఆట నేరమైనది. ఇరువురి మాటలోను న్యాయము కలదు. అందుచేతనే ఈ తగవు నేటికిని తెగలేదు.

పట్టణమున తగవు వేరు. అక్కడ చేప ఎవరిదను ప్రశ్నకు ముందు చెరువు మిగులునా యను ప్రశ్న కలదు. రాయపూర్‌లోని రాజబంధా నేడు మైదానము. నీరు పోయి పేరు మిగిలెను. మిగిలిన చెరువులలో మురుగు చేరుటచే గుర్రపుడెక్కయు, పచ్చని నాచును పెరుగును. పగలు నాచు ప్రాణవాయువును విడుచును. రాత్రియెల్ల అదియు, క్రుళ్లు పదార్థములును ఆ వాయువును పీల్చివేయును. తెల్లవారుజామునకు నీటిలో ప్రాణవాయువు అడుగంటి, చేపలు వెల్లకిల తేలును. గాలి పీల్చగల మార్పు, కొరమీను మాత్రము కొంతకాలము తట్టుకొనును. తేలీబాంధా గట్టున 21వ శతాబ్దమున నడకబాట వెలసి, ఆ చోటికి మెరీన్ డ్రైవ్ అను పేరు వచ్చెను. చెరువును పూడ్చుటకంటె అలంకరించుట వేయిరెట్లు మేలు. అయినను చెరువు అంచును నిలువు రాతిగోడగా కట్టినచోట, తుంగయు లోతులేని నీరును ఉండవు. చిన్నచేప గ్రుడ్లు పెట్టునదియు, దాగునదియు ఆ లోతులేని అంచుననే. అందమైన గట్టున నిలిచిన చెరువు, చేప లేనిదైనచో, తొట్టిలోని నీటితో సమానము.

2011 జనవరి 28న సర్వోన్నత న్యాయస్థానము పంజాబులోని ఒక గ్రామపు చెరువును గూర్చిన వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, గ్రామ చెరువుల ఆక్రమణలను తొలగించి ఆ భూములను గ్రామమునకు మరల స్వాధీనము చేయవలెనని రాష్ట్ర ప్రభుత్వములన్నిటిని ఆదేశించెను. ఊరి చెరువు ఊరి ఉమ్మడి సొత్తు అను ప్రాచీన భావమునకు ఇది నేటి న్యాయస్థానపు ముద్ర. నదుల విషయమున, చేపలు గ్రుడ్లు పెట్టు జూన్ 16 మొదలు ఆగస్టు 15 వరకు ఛత్తీస్‌గఢ్‌లో వేట నిషిద్ధము. కాని నదితోను వాగుతోను సంబంధములేని చిన్న చెరువులకు ఈ నిషేధము వర్తింపదు. అక్కడ చట్టము పని ఆచారము చేయవలసియున్నది.

అట్టి ఆచారమునకు కొరమీను మంచి ఉదాహరణము. ఇది గ్రుడ్లు పెట్టినది మొదలు పిల్లలు పెరుగువరకు వానిని కాచుకొనియుండును. ఎర్రని పిల్లల గుంపు నీటిపై ఆడుచుండ, తల్లిదండ్రులు క్రిందనే తిరుగుచు, దగ్గరకు వచ్చిన దేనినైనను మీదపడి కరచును. ఆ కోపమే దానికి మృత్యువు. కప్పపిల్లను ఎరగా గ్రుచ్చి ఆ గుంపుమీద విడిచినచో తల్లిచేప తప్పక పట్టుబడును. అది పట్టుబడిన పిదప పిల్లల గుంపు ఇతర చేపలకు ఆహారమగును. ఒక్క గాలముతో ఒక తరము పోవును. కావున పిల్లలున్న కొరమీనును విడుచుట, కొద్దిపాటి చేపలు దొరకగానే కర్ర చుట్టుట గాలము పట్టువారు పాటింపవలసిన నియమములు. ఒక్కొక్క చేపనే పట్టు గాలమున ఎంచుకొనుటకు వీలున్నది. వలలో ఆ వీలు తక్కువ. విషములో అసలే లేదు.

ఈ చరిత్రవలన తేలునది ఒక్కటే. రాజుల కాలమున చేప రాజుది. మాల్గుజారు కాలమున మాల్గుజారుది. నేడు గుత్తదారునిది. అయినను మూడు కాలములందును గట్టుమీద ఒకడు గాలము వేయుచునే యుండెను. ఏలయనగా చెరువు సజీవముగా నున్నంతకాలము అందు ఎవరును విత్తని చేప కొంత మిగిలెడిది. ఆ మిగులే సామాన్యుని వంతు. 2022లో కేంద్రప్రభుత్వము జిల్లాకు 75 చెరువుల చొప్పున అమృత్ సరోవరములను సంకల్పించినది. త్రవ్వినదానిని గాని, బాగుచేసినదానిని గాని చెరువనుటకు దాని లోతును, గట్టు పొడవును కొలిచిన చాలదు. ఆ గట్టున ఒక బాలుడు వెదురు కర్రతో కూర్చున్నచో, అతని బెండు కదలునా లేదా యని చూడవలెను. బెండు కదలిన చెరువు ఊరి చెరువు. కదలనిది కేవలము నీటి గుంట.